ముందు వరుసలో కుర్చీ

“రేపు నువ్వు మైకు పట్టుకున్నవంటే మీ నాయిన నౌకరి పోతది. ఇగ నీ ఇష్టం,” అంది పుష్పమ్మ కూతురితో, జొన్నరొట్టె కొడుతూ.

చంద్రిక పొయ్యిలో పుల్ల ఎగదోసింది. యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం పీజీ చదువుతున్న ఆ అమ్మాయి హాస్టల్ నుంచి సొంతూరు లక్డారం వచ్చిందే అందుకు. ఊరి పక్కనున్న మందుల కంపెనీని ఇంకా పెంచుతారట. రేపు పొద్దున ప్రజాభిప్రాయ సేకరణ. ఆమె తండ్రి నర్సింహ ఆ కంపెనీలోనే ఏళ్ల తరబడి కాంట్రాక్టు కూలీ. ఈ నెలలో పర్మినెంటు చేస్తామని ఆశ పెట్టారు.

“మన భూములు తీసుకున్న కంపెనీ గదమ్మా. నరేష్ పని అడగబోతే గేటు కాడికెల్లే ఎళ్లగొట్టిన్రు. తమ్ముని కోసమైనా అడగొద్దా?”

“అడుగు. ఎలక్షన్ల బైకు ర్యాలీకి పెట్రోలు పోయించిన లీడర్‌ను అడుగు. ఆయన గెలిచిండు, మీ తమ్ముడు ఇంట్ల పండుకున్నడు.”

చంద్రిక బాధా అదే. ఎన్నికలప్పుడు యువశక్తి అంటూ భుజం తట్టినవాళ్లు ఉద్యోగం మాట వచ్చేసరికి ఫోనెత్తరు. జెండా కట్టడానికి పనికొచ్చిన కుర్రాడు కంపెనీలో మిషను ముందు నిలబడడానికి పనికిరాడు. క్లాసులో దీని మీద గంటసేపు దంచెయ్యగలదు. ఇంట్లో మాత్రం తల్లి కొడుతున్న రొట్టె మీదికే చూపు పోతోంది. రేపు తాను మాట్లాడాక రొట్టె ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు లేదు.

నర్సింహ స్నానం చేసి వచ్చి గడప మీద కూర్చున్నాడు. మాట్లాడమనలేదు, వద్దనలేదు.

“మొదలు ఏం చెప్తవ్?” అని మాత్రం అడిగాడు.

“ఆఫీసర్లకు నమస్తే చెప్పి, నా పేరు, ఊరు, చదువు చెప్పి...”

“గవన్నెందుకు? అసలు మాటేంది?”

చంద్రిక చెప్పింది. భూములిచ్చిన ఇళ్ల పిల్లలకు కొలువులు లేవు. ఉన్నవాళ్లు కాంట్రాక్టులోనే ముసలివాళ్లయిపోతున్నారు. బోరు నీళ్లు వాసనొస్తున్నాయి. నర్సింహ అంతా విన్నాడు. “ఊఁ,” అని లేచి బండి తాళాలు తీసుకున్నాడు.

“ఏడికి?” అంది పుష్పమ్మ.

“ప్రవీణ్‌కుమార్ సారు కాడికి. రమ్మన్నడు.”

ప్రవీణ్‌కుమార్ ఆ కంపెనీలో పెద్ద ఆఫీసరు. పర్మినెంటు సంతకం ఆయన చేతిలోనే ఉంది. బండి చప్పుడు దూరమయ్యేదాకా చంద్రిక గడప దగ్గరే నిలబడింది.

“అమ్మా, నాయిన ఇదంతా ఆయనకు చెప్తడా?”

“చెప్తే మంచిదే. నిన్ను లోపలికే రానియ్యరు. పీడ పోతది.”

నర్సింహ తిరిగొచ్చి, కూతురి వైపు చూడకుండా తిని పడుకున్నాడు.

తెల్లారి టెంటు దగ్గరికి వెళ్లేసరికి చంద్రిక సగం ధైర్యం అక్కడే జారిపోయింది. కంపెనీ బస్సుల్లో వచ్చినవాళ్లు కుర్చీలన్నీ నింపేశారు. ఊరివాళ్లు వెనక, బారికేడ్ల అవతల ఉన్నారు. మైకు ముందు వరుసల్లోనే తిరుగుతోంది. ఒకరి తర్వాత ఒకరు లేచి కంపెనీ చల్లగా ఉండాలని దీవిస్తున్నారు. పక్కింటి శివమ్మ పొద్దుట్నుంచి మైకు కోసం చెయ్యి ఎత్తీ ఎత్తీ అలసిపోయింది.

ఇంతలో తెల్లచొక్కా మనిషి బారికేడు దగ్గరికి వచ్చాడు.

“నర్సింహ కూతురివి నువ్వేనా అమ్మా? నేను ప్రవీణ్‌కుమార్‌ని. ముందుకు రా. నీకు కుర్చీ వేయించాను.”

చంద్రిక అటు కదిలింది. బారికేడు ఆమె ఒక్కదాని కోసమే జరిగింది.

“గింత జల్దీ అటు దుంకినవా బిడ్డా,” అంది శివమ్మ వెనకనుంచి.

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ముందు కూర్చోబెట్టి భయపెట్టడానికే ఇదంతా అనుకుంది చంద్రిక. పక్కన నర్సింహ కంపెనీ యూనిఫాంలో నీళ్ల ప్యాకెట్లు పంచుతున్నాడు. ఇటు చూడడం లేదు. సొంత తండ్రే తనను అప్పజెప్పాడని ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ప్రవీణ్‌కుమార్ నవ్వుతూ తానే మైకు తెచ్చిచ్చాడు. “భయపడకుండా చెప్పమ్మా.”

ఆ కోపంలో నమస్కారాలన్నీ మరిచిపోయింది. అసలు మాటే ముందు వచ్చేసింది. “మా భూములు తీసుకున్నరు. మా పిల్లలను గేటు కాడికెల్లే తరుముతున్నరు. మా నాయిన ఇంకా కాంట్రాక్టు కూలీనే.” ప్రవీణ్‌కుమార్ ముఖంలో నవ్వు పోయింది. మైకు కోసం చెయ్యి చాపాడు. వెనకనుంచి ఊరంతా చప్పట్లు. వేదిక మీది ప్రభుత్వ అధికారి, “మాట్లాడనివ్వండి,” అన్నాడు. చంద్రిక చివరిదాకా మాట్లాడింది.

మధ్యాహ్నం నర్సింహ ఇంటికి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు లేదు.

“కార్డు గుంజుకున్నరు. రేపటిసంది రావొద్దన్నరు.”

పుష్పమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. చంద్రికకు ఏడుపు ఆగలేదు. అయినా అడిగింది.

“నిన్న నా సంగతి ఆ సారుకు చెప్పినవు గదా నాయినా?”

“చెప్పిన.”

“నన్ను ముందర కూసోబెట్టమన్నది నువ్వేనా?”

“నేనే.”

“ఏమని చెప్పినవ్?”

నర్సింహ చెంబెత్తి నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు.

“నా బిడ్డ కంపెనీని మెచ్చుకుంట మాట్లాడతదన్న.”