పరదా

“డాడీ, ‘సీ ఆఫ్’ అంటే?” ఇంగ్లీషు హోంవర్కు చేస్తూ అడిగింది లవీనా.

“సాగనంపడం. జెట్టీ దాకానో ఎయిర్‌పోర్టు దాకానో వెళ్లి టాటా చెప్పడం,” అన్నాడు లాయిడ్, ఉల్లిపాయలు తరుగుతూ.

“సొంతంగా వాక్యం రాయమంది మేడమ్. అమ్మని సీ ఆఫ్ చేశామని రాయనా? మనం ఎయిర్‌పోర్టుకి వెళ్లలేదు కదా.”

కత్తి ఆగింది. నిరుడు అతని భార్య మేరిని స్ట్రెచర్ మీద చెన్నై ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆమె చెల్లెలు టీనా. ఆ రోజు లవీనాకి ఒళ్లు కాలిపోయే జ్వరం. తండ్రీకూతుళ్లు ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న లంబాలైన్‌లోని ఈ ఇంటి మేడెక్కి, లేస్తున్న విమానానికి ఎర్ర చున్నీ ఊపారు. మేరి తిరిగి శవపెట్టెలోనే వచ్చింది.

“రాయమ్మా. కిటికీలోంచి చూసింది కదా అమ్మ. చున్నీ కనబడిందని పిన్నితో అందంట.”

ఏడాదిగా చెబుతున్న మాటే. ఎప్పుడూ తలూపే లవీనా ఈసారి ఊపలేదు.

“స్ట్రెచర్ చుట్టూ పరదా కట్టేశారంట డాడీ. అమ్మకి కిటికీ కనబడనే లేదంట. పిన్ని అప్పుడే చెప్పేసింది నాకు.”

“మరి ఇన్నాళ్లూ అనలేదేం?”

“నీకు పతా లేదనుకున్నా. తెలిస్తే ఏడుస్తావని.”

లాయిడ్ కత్తి కింద పెట్టాడు.

“నాకూ అప్పుడే చెప్పింది.”

ఇంటి మీదుగా విమానం లేచింది. ఆ చప్పుడుకి మాట ఆపి, అది దాటాక మళ్లీ అందుకోవడం లంబాలైన్‌లో అందరికీ అలవాటే.

విమానం సముద్రం మీదికి వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరూ మాట అందుకోలేదు.