దారి తప్పిన పూస

“పూసలు దారి తప్పితే?” అడిగాడు మంచం మీది పెద్దాయన.

నీళ్ల సరఫరా ఆఫీసులో ముప్పై ఏళ్లు వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. ప్రోస్టేటు ఉబ్బి మూత్రం ఆగిపోతోంది. గుండె బలహీనం కాబట్టి కోత వద్దన్నారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఇసుక రేణువుల్లాంటి పూసలతో ఆ గ్రంథికి రక్తం అందకుండా కట్టేస్తే అదే కుంచించుకుపోతుంది.

“చాలా అరుదు,” అన్నాడు డాక్టరు, ఫైలులోంచి తలెత్తకుండా. “పక్క నాళంలోకి పోతే మూత్రాశయమో, పేగు చివరో, మర్మాంగమో దెబ్బతినొచ్చు.”

“ఒక వీధికి నీళ్లు కట్టేయబోయి పక్క వీధికి కట్టేసినట్టు. నేనూ చేశాను లెండి ఒకసారి.”

“తెలుసు,” అన్నాడు డాక్టరు. వెంటనే, “అంటే, ఎవరికైనా జరిగేదే,” అని సర్దుకున్నాడు.

పక్కనే ఉన్న నర్సు డాక్టరు వేళ్లకేసి చూసింది. పెన్ను మూత తీస్తున్నాయి, పెడుతున్నాయి. ఎన్ని వందల మందికి చేసిన చేతులో అవి.

“మీకు ఇష్టం లేకపోతే వేరే డాక్టరు దగ్గరికి పంపుతాను.”

“వద్దండి. మీరే చెయ్యండి.”

“మీవాళ్లెవరైనా వచ్చారా?”

“నాకెవరూ లేరు,” అంటూ పెద్దాయన సంతకం పెట్టాడు.

గంటన్నరలో అవ్వాల్సింది మూడు గంటలు పట్టింది. బయటికొచ్చిన డాక్టరు చొక్కా తడిసిపోయి ఉంది. “ఈయన్ని నేనే చూసుకుంటాను సిస్టర్. ఫైలు నా దగ్గరే ఉండనీ,” అన్నాడు. ఏ పేషెంటు విషయంలోనూ అలా అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే వాళ్లను ఆమె చాలామందినే చూసింది.

మూడో రోజు పొద్దున మర్మాంగం చివర నల్లటి మచ్చ కనబడింది. కబురందగానే డాక్టరు పరుగున వచ్చాడు. చూశాడు.

“ఒక పూస పక్కకి పోయింది. నా చేతుల్లో జరిగింది. మచ్చ పాకకపోతే మందులతో మానుతుంది. పాకితే ఆ మేరకు తీసెయ్యాలి. రెండు రోజులు ఆగితేగాని చెప్పలేను. నొప్పి ఉందా?”

“చీమ కుట్టినట్టుంది, అంతే.” దుప్పటి మాత్రం ఆయన గుప్పిట్లో నలిగిపోతోంది.

మధ్యాహ్నం వరండాలో నర్సు డాక్టరుకు అడ్డం నిలబడింది. “సార్, వెనకా ముందూ ఎవరూ లేని మనిషని ఇది కప్పిపెడితే నేనూరుకోను.”

“జరిగిందంతా పైవాళ్లకి ఇందాకే రాసిచ్చాను సిస్టర్.”

ఆమెకేమీ అర్థం కాలేదు. సాయంత్రం మందులు తెచ్చేసరికి డాక్టరు ఇంకా ఆ మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మచ్చ పొద్దుటికంటే గోరంత పెరిగింది.

“ఇంటికెళ్లండి డాక్టరు గారూ,” అంటున్నాడు పెద్దాయన. “కందకి లేని దురద కత్తిపీటకెందుకు?”

డాక్టరు కదల్లేదు. “నిజం చెప్పండి. నొప్పి ఎంతుంది?”

పెద్దాయన గోడవైపు తిరిగిపోయాడు. అటు తిరిగే ఉండి, చెయ్యి వెనక్కి చాచి, డాక్టరు మణికట్టు వెతికి పట్టుకున్నాడు.

“ఓర్చుకోలేకపోతున్నానురా.”

తండ్రి నోట ‘రా’ అన్న పిలుపు విని డాక్టరుకు పదకొండేళ్లయింది.