పేరు రాయని పడవ

"శవపేటిక వాపసు తీసుకోవడం మా ఇంటా వంటా లేదక్కా," అన్నాడు సోవా.

అమెర్లే గేటుకి అడ్డంగా నిలబడి ఉంది. ఖాళీ వ్యానులో వచ్చిన సోవా ఇంజను కూడా ఆపలేదు. ఖాళీగానే జారుకోవాలని అతని ఎత్తు. జారుకోనివ్వకూడదని ఆమె పంతం.

"ఎందుకు తీసుకోవు? మా నాన్న బతికి బట్టకట్టాడు. సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్నాడు. వచ్చేసరికి వలల గదిలో ఆయన కోసం అది ఎదురుచూస్తూ ఉండాలా?"

"బతికినందుకు సంతోషం. దేవుడు చల్లగా చూడాలి. కానీ మనిషి బతికితే వాపసు తీసుకుంటామని మా పేజీలో ఎక్కడా రాయలేదు."

"నీ పేజీలో రాయకపోతే చట్టంలో రాశారు. ఫోనులో చూసి కొన్న సరుకు చేతికొచ్చాక రెండు వారాల్లోపు ఎప్పుడైనా వద్దనొచ్చు. కారణం కూడా చెప్పక్కర్లేదు. నేను మర్యాదకి చెబుతున్నాను."

సోవా ఇంజను ఆపాడు. ఘనా తీరంలోని తెషీలో చేపలమ్మే ఆడవాళ్ళతో వాదన ఎంతసేపు సాగుతుందో అక్కడ పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆ చట్టం నాకూ తెలుసక్కా. ప్రత్యేకంగా చేయించుకున్న సరుక్కి అది చెల్లదు. పడవ ఆకారంలో పెట్టె అడిగావు, పడవే ఇచ్చాను. కోకో రైతులకి చేసే కోకో కాయ ఇచ్చానా? బీరు సీసా ఇచ్చానా?"

"నీ పేజీలో పడవ బొమ్మ ఉంది. దానిమీద వేలు నొక్కాను. అంతే. కొలతలు పంపానా? రంగు చెప్పానా? పేరు రాయించానా?"

తెషీలో పేరు రాయకుండా ఏ పడవా సముద్రంలోకి దిగదు. మనిషిని పంపే పడవకీ అదే పద్ధతి. పేరు రాశాక అది ఒకరి సొత్తు. రాయనంతవరకు అంగడి సరుకే.

"పేరు తర్వాత చెబుతానన్నావు," అన్నాడు నీరసంగా.

"చెప్పానా?"

"లేదు."

"మరింకేం?"

ఆమె ఫోను మోగింది. నాన్నని తీసుకురావడానికి వెళ్ళిన తమ్ముడు టెట్టే. అమెర్లే కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఏదో తగువై ఉంటుంది. ముందు ఈ తగువు తేలాలి.

"పోనీ, నాలుగు రోజులు పక్కింట్లో దాచరాదూ?"

"అడిగాను. దణ్ణం పెట్టి తలుపేసుకున్నారు." ఆమె గొంతు తగ్గించింది. "హాస్యం కాదు సోవా. ఊపిరి ఉండగానే కూతురు పెట్టె కొనిపెట్టిందని తెలిస్తే ఆయన మనసు ఏమైపోతుంది? డాక్టరు ఆశ వదులుకోమన్నాడని కొన్నానంటే నమ్ముతాడా? అసలే నీరసించిన గుండె. దాన్ని చూడగానే ఆగిపోతుంది."

"ఆగితే మాత్రం, పెట్టె చేతికందేలా..."

"సోవా!"

"తప్పైంది." చెవిలో దోపుకున్న పెన్సిలు సర్దుకుని వ్యాను దిగాడు. "సరే, తీసుకెళతాను. ఒకటే షరతు. వాడి ఉండకూడదు."

"వాడి ఉంటే ఈపాటికి నల్లబట్టల్లో ఉండేదాన్ని. ఈ పూలగౌనులో కాదు."

"అందరూ అలాగే అంటారు. చూడాలి."

ఇద్దరూ ఇంటి చుట్టూ తిరిగి వెనకనున్న వలల గదికి వెళ్ళారు. సముద్రం వైపు తలుపు ఓరగా తెరిచి ఉంది. పెట్టె మీద కప్పిన దుప్పటి నేలమీద పడి ఉంది.

"మేక లాగేసినట్టుంది," అంది అమెర్లే.

సోవా పడవ చుట్టూ తిరిగాడు. ముక్కు దగ్గర గీతలు పడ్డాయేమో చూశాడు. తోక దగ్గర వంగి చూశాడు. వేలితో తట్టాడు.

"మూత సరిగ్గా కూర్చోలేదు."

"నీ పనితనం."

అతను మూత ఎత్తాడు.

లోపల ఆమె నాన్న, ముసలి కోటే, పడుకుని ఉన్నాడు. మణికట్టుకి ఆసుపత్రి పట్టీ, కాళ్ళకి చెప్పులు. పక్క పలకని జానతో కొలుస్తున్నాడు.

"టెట్టే కోసం చూసి చూసి విసుగొచ్చి ట్రోట్రో బండి ఎక్కేశాను," అన్నాడు కూతురితో. "గేటు దగ్గర మీ ఇద్దరి అరుపులూ విని ఇటు ఒడ్డు మీంచి వచ్చాను."

అమెర్లేకి నోట మాట రాలేదు.

సోవాకి వచ్చింది. "వాడేశారక్కా."

"నాన్నా, అది... డాక్టరు అలా అనేసరికి..."

"మీ తాతకి నేను ఆఖరి నిమిషంలో వెతికాను. ఊళ్ళో పడవ దొరకలేదు. కోడి ఆకారం పెట్టెలో పంపాల్సొచ్చింది. ఇప్పటికీ కల్లోకొచ్చి తిడతాడు. నువ్వు నయం." కోటే లేచి కూర్చున్నాడు. పడవ అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరికి చెయ్యి నడిపించాడు. మొహం చిట్లించాడు. "ఏమోయ్, పేరేది?"

"రాయలేదు పెద్దాయనా. రాస్తే ఇక వాపసు కుదరదు."

"వాపసు సంగతి నిన్నెవరడిగారు? నా పడవ పేరే దీనిమీదా రాయి."

సోవా అమెర్లే వైపు చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. అతను చెవిలోంచి పెన్సిలు తీశాడు.

"ఎప్పటికి కావాలి పెద్దాయనా?"

"తీరిగ్గానే రాయవోయ్," అన్నాడు కోటే, కూతురి భుజం ఆసరాగా పట్టుకుని బయటికి దిగుతూ. "రంగు బాగా ఆరనీ. నాకేం తొందర లేదు."