నోరు తెరిచి ఒక్క మాట

“సార్, వినిపిస్తోందా? ప్లాన్ అక్కర్లేదంటే నోరు తెరిచి ‘వద్దు’ అనండి. అంతే, ఆపేస్తాం.”

అవతల ఊపిరి. ఉఫ్... ఉఫ్... మెట్లెక్కి వచ్చినవాడి ఊపిరిలా.

“సార్?”

మళ్లీ ఊపిరే.

కొత్తమ్మాయి మూడోసారి కూడా అడిగింది. ఎదురుగా అతికించిన వాక్యం గడగడా చదివేసింది. “మీ మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటున్నాం. ప్లాన్ కొనసాగుతుంది. మీ రోజు బాగుండాలి!” ఫోన్ పెట్టేసింది. గోడ మీది బోర్డులో ఆమె సీటు పక్కన పచ్చటి టిక్కు పడింది.

ఆ కాల్ సెంటర్‌లో ఆమె కూర్చునే అంతస్తుని ‘వద్దు’ విభాగం అంటారు. ఉచితమని ఊరించి కార్డు నంబరు రాబట్టేది పై అంతస్తు. నెల తిరిగాక డబ్బు కట్ అయిపోయి, లబోదిబోమని ఫోన్ చేసేవాళ్లకు అడ్డం పడేది ఈ అంతస్తు. ఎన్నెన్నో కంపెనీల తరఫున చేసే పని. తెర మీద ప్లాన్ నంబరు, కార్డు ఎవరిదో, మళ్లీ డబ్బు ఎప్పుడు కోస్తారో కనబడుతుంది. అంతకుమించి ఏమీ ఉండదు.

“ఇంతకీ సరుకేంటి సార్?” అని మొదటి రోజే అడిగింది.

“సరుకు తెలిస్తే జాలి పుడుతుందమ్మా,” అన్నాడు సూపర్‌వైజరు. “ఫ్రీ అంటే ఫినాయిలైనా తాగేస్తారు జనం. తాగినవాణ్ణి కక్కనివ్వకుండా చూడ్డమే మన పని.”

రూలు ఒక్కటే. ఆ ‘వద్దు’ కార్డుదారుడి నోటినుంచే రావాలి, రికార్డు కావాలి. మెయిలు పెడితే చెల్లదు. పెళ్లాం చెప్పినా చెల్లదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కంపెనీ ఊరికే వదిలేస్తుందా?

కొత్తమ్మాయికి ఈ ఉద్యోగం నిలబడి తీరాలి. ఆమె కూడా ఇక్కడ ట్రయల్ మీదే ఉంది. ఇంతకుముందు రెండు చోట్ల మూడేసి నెలలు గొడ్డుచాకిరీ చేయించుకుని, “చూసి చెబుతాంలే” అని సాగనంపారు. అన్నయ్య ఇంట్లో హాలు మూల ఆమె పరుపు. ఇంటికి ఎవరొచ్చినా వదిన నవ్వుతూనే వడ్డిస్తుంది: “మా ఆడపడుచుకి ఉద్యోగాలకేం కొదవండీ! మూడు నెలలకొకటి.” అన్నయ్య పేపరు చాటున ముఖం దాచుకుంటాడు.

ఈసారి పర్మినెంటయితే సొంతంగా ఒక గది తీసుకోవాలి. చిన్నదైనా సరే, తలుపున్న గది.

ఒక ఫోన్ నంబరు ఒకసారి ఎవరి సీటుకి తగులుకుంటే ఇక ఎప్పుడూ వాళ్లకే వస్తుంది. అలా ఆ ఊపిరి ఆమెకు తగులుకుంది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఠంచనుగా మోగేది. మొదట్లో ఎవడో వెధవ వేషాలేస్తున్నాడని ఒళ్లు మండింది. తర్వాత అలవాటయిపోయింది.

“ఏమే, మీ ఊపిరి బాబాయి ఇవాళ ఇంకా చెయ్యలేదా?” అనేది పక్క సీటావిడ. “పాపం, నోట్లో నాలుక లేని మనిషి. ఆడపిల్ల గొంతు వినగానే ఫోన్ చేసిన పనేంటో మర్చిపోతున్నాడు!”

అందరూ గొల్లుమనేవారు. ఆమె కూడా నవ్వేది. నిజం చెప్పొద్దూ, ఆ ఫోన్ కోసం ఎదురుచూడటం కూడా మొదలుపెట్టింది. మిగతావాళ్లు అరిచేవారు, శాపనార్థాలు పెట్టేవారు, ఒకటికి పదిసార్లు ‘వద్దు’ అని ఖరాఖండిగా చెప్పేసేవారు. వాళ్లను ఆపడం ఆమె తరమయ్యేది కాదు. ఆమె సీటు పక్కన పడ్డ టిక్కుల్లో సగం ఆ బాబాయి చలవే.

ఒకరోజు మాత్రం ఊపిరితో ఆగలేదు. నోట్లో ఏదో కుక్కుకున్నట్టు ముద్దముద్దగా మూలిగాడు. ఏదో కింద పడ్డ చప్పుడు. ఆ తర్వాత ఏడుపు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి. తాగున్నాడని ఆమెకు అర్థమైపోయింది. పొద్దున్నే వదిన అన్న మాటలు ఇంకా చెవుల్లో గింగురుమంటున్నాయేమో, కడుపులో కోపమంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

“పట్టపగలే మొదలెట్టారా? ఇంత ఏడవడానికి ఓపికుంది గానీ ఒక్క ముక్క అనడానికి లేదా? ఏం, నోరు పడిపోయిందా మీకు?”

ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

ఛ, పెద్దాయన్ని అంత మాట అనకుండా ఉండాల్సింది అనుకుంది. అయినా వాక్యం చదివింది. టిక్కు పడింది.

మర్నాడు కూడా ఆయన ఫోన్ చేశాడు.

ట్రయల్ ముగిసిన రోజు సూపర్‌వైజరు గదిలోకి పిలిచాడు. ‘చూసి చెబుతాంలే’ అన్న మాట వినడానికి మనసు రాయి చేసుకుని నిలబడింది.

“నువ్వు పర్మినెంటమ్మా,” అన్నాడాయన. “ఈ బ్యాచ్‌లో నువ్వొక్కదానివే.”

కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. వదిన ముఖం ఒకసారి, తలుపున్న గది ఒకసారి కళ్లముందు కదిలాయి. థాంక్యూ సార్, థాంక్యూ సార్ అని ఎన్నిసార్లు అందో ఆమెకే తెలీదు.

“మాటకారివి. నీలాంటిదాన్ని కిందెందుకు ఉంచుతాం? రేపట్నుంచి పై అంతస్తులో అమ్మకాల సీటు నీది.”

“ఏం అమ్మాలి సార్?”

“అదేనమ్మా, మీ ఊపిరి బాబాయి కొన్నదే. వేడివేడి బజ్జీల్లా పోతోంది.” ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “ఫోనెత్తగానే మొదటి వాక్యం కంఠతా రావాలి. ముఖంలో నవ్వుంటేనే గొంతులో నవ్వుంటుంది. ఏదీ, నా వెంట అను.”

సంతోషంలో ఉందేమో, నవ్వు దానంతటదే వచ్చింది. ఆయన అందించిన మాటలు ఒక్కొక్కటే అందుకుంటూ, తేనెలాంటి గొంతుతో అప్పజెప్పింది:

“పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ల చేత మళ్లీ మాట్లాడిస్తామండీ, మొదటి నెల పూర్తిగా ఉచితం!”