వ్యాను లెక్క

టీచరమ్మ ఇంటి మెట్లెక్కుతుంటే ఆ రోజు కూడా నత్తకి కాళ్ళు బరువెక్కాయి.

నత్త అంటే మనిషే. సరుకుల డిపోలో వ్యాను డ్రైవరు. కిందటేడు దాకా డిపోలో అందరూ అతన్ని తూటా అనేవాళ్ళు. ఇప్పుడు సైకిళ్ళు కూడా అతని వ్యానుని దాటిపోతున్నాయని పేరు మార్చేశారు. అతను నవ్వి ఊరుకునేవాడు. నవ్వు మూతి దాటి పైకి వెళ్ళేది కాదు.

స్టీరింగు పట్టుకుంటే చాలు, అరచేతులకి చెమటలు. ఎలాగైనా బండి దిగిపోవాలి. దానికి ఒకటే దారి. డిపో వాళ్ళ పరీక్ష గట్టెక్కి, లోపల గుమాస్తా కుర్చీలో కూర్చోవాలి. ఆ పరీక్షలో ఎక్స్ లెక్కలుంటాయి. ఎక్స్ పేరు చెబితే చిన్నప్పటినుంచీ అతనికి చలిజ్వరమే. ఈసారీ తప్పితే మళ్ళీ వ్యానే గతి.

"ఇంకో ఏడాది ఆ బండి ఎక్కావంటే నువ్వు నాకు దక్కవు," అంది భార్య. రాత్రిళ్ళు అతను నిద్రలో ఉలిక్కిపడి లేవడం ఆవిడ చూస్తూనే ఉంది.

సరిగ్గా అలాంటప్పుడు టీచరమ్మ డిపో గేటుకి ఒక కాగితం అంటించి వెళ్ళింది. పరీక్షకి వెళ్ళే డ్రైవర్లకి లెక్కలు ఉచితంగా నేర్పుతుందట. డ్రైవర్లకి మాత్రమే. మేమూ రాస్తున్నామమ్మా అంటూ వెళ్ళిన హమాలీలని గుమ్మంలోంచే పంపేసింది. పెద్దావిడ చాదస్తం అనుకున్నారు అందరూ.

రిటైరైన లెక్కల టీచరు. ఒక్కతే ఉంటుంది. గొంతు ఎప్పుడూ పైకి లేవదు. వరండాలో పట్టా కప్పిన సామానేదో గోడకి ఆనించి ఉంటుంది, కిందినుంచి వంకరపోయిన చక్రం అంచు కనబడుతుంది. లోపల బల్ల మీద చిన్న తెల్లబోర్డు, దాని పక్కన ఒక పాత ఫోను. అది మోగగా నత్త ఏనాడూ వినలేదు. పాఠం చెబుతున్నంతసేపూ ఆవిడ వేలు మాత్రం దాని మీదే ఉంటుంది.

డ్రైవర్లు చాలామందే చేరారు. ఒక్కొక్కరే తగ్గిపోయారు. వాళ్ళు మానలేదు, ఆవిడే మానిపించింది. రెండు రెళ్ళు ఎంతంటే వేళ్ళు చూసుకునే బొద్దుగాడి సంగతి అయితే డిపో అంతా చెప్పుకుని నవ్వారు.

"ఏదో వ్యాను లెక్క ఇచ్చిందిరా," అన్నాడు బొద్దుగాడు. "ఇది నావల్ల కాదు టీచరమ్మా అని చేతులెత్తేశాను. నా తల నిమిరి, నువ్వు మంచివాడివి, ఇక రానక్కర్లేదు అంది. రాదంటే మెచ్చుకునే పంతులమ్మని పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు."

నత్తకి నవ్వు రాలేదు. అప్పటికి తనొక్కడే మిగిలాడు.

అతని చిక్కల్లా ఒక్కచోటే. అంకెని సమానం గుర్తుకి ఇవతలినుంచి అవతలికి మారుస్తాడు, దాని ముందున్న గుర్తుని మార్చడం మర్చిపోతాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆవిడ విసుక్కునేది కాదు.

"సమానం గుర్తుని వంతెన అనుకో బాబూ. ఇవతల కూడిక అయినది అవతలికి వెళితే తీసివేత అయిపోతుంది. దాటాక మునుపటిలా ఉండడానికి వీల్లేదు."

ఇంకోమాట కూడా తరచూ చెప్పేది. "తెలియనిదాన్ని ఒంటరిని చెయ్యాలి. చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటే పంపించెయ్. తొందరపడకు. చివరికి అదే బయటపడుతుంది."

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. జల్లు లోపలికి కొడుతోందని టీచరమ్మ తలుపు మూసి గడియ వేసింది. వచ్చి అతని ఎదురుగా కూర్చుని బోర్డు ముందుకి తోసింది.

"ఇదొక్కటీ చేసెయ్. తర్వాత నీకు నేను చెప్పేదేం లేదు," అంది. పెన్ను అతని చేతిలో పెట్టి, మెల్లగా లెక్క చెప్పింది. "ఒక వ్యాను నిమిషానికి కిలోమీటరు చొప్పున పోయింది. దారిలో ఒక మలుపు దగ్గర ఆగి, మళ్ళీ బయల్దేరింది. ఇల్లు చేరేసరికి మొత్తం నలభై నాలుగు నిమిషాలైంది. వ్యాను నడిచిన దూరం ఎంత?"

నత్త పెన్ను కింద పెట్టి మళ్ళీ తీసుకున్నాడు. పరీక్ష దగ్గరపడుతున్న భయం అని సర్దిచెప్పుకున్నాడు. గ్లాసెడు మంచినీళ్ళు అడిగి గటగటా తాగాడు. కిటికీ మీద వాన కొడుతూనే ఉంది. ఆ చప్పుడు వినబడకుండా ఉండాలంటే లెక్క తప్ప వేరే దిక్కు లేదు. దూరం ఎక్స్ అనుకున్నాడు. చెయ్యి దానంతటదే సాగింది.

ఎక్స్ ప్లస్ నాలుగు సమానం నలభై నాలుగు.

నాలుగుని అవతలికి మార్చాడు. అలవాటుకొద్దీ ప్లస్సే పెట్టబోయి, ఆగి, మైనస్ పెట్టాడు. ఎక్స్ ఒక్కటే మిగిలింది. నలభై.

ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఎక్కడా తప్పు లేదు. ఏడాదిగా గుండెల మీద కూర్చున్నదేదో దిగిపోయినట్టనిపించింది. గుమాస్తా కుర్చీ కళ్ళముందు మెదిలింది. ఇక స్టీరింగు ముట్టక్కర్లేదు. ఆ రోడ్డు మొహం చూడక్కర్లేదు.

"నలభై కిలోమీటర్లు, టీచరుగారూ."

ఆవిడ బోర్డుని దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"గుర్తు కూడా మార్చావు. సరిగ్గా చేశావు," అంది.

ఆ మాటకి అతని కళ్ళు చెమర్చాయి. మీ మేలు ఈ జన్మలో మర్చిపోనన్నాడు. వంగి దణ్ణం పెట్టబోయాడు.

"వ్యాను ఆగిందన్నానే గానీ ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేదు బాబూ," అంది టీచరమ్మ పాత ఫోనుని అతని ముందుకి జరుపుతూ, "ఆ నాలుగు నిమిషాలూ ఆ మలుపులో పడి ఉన్న మా అబ్బాయి మూలుగు ఇందులో నేను విన్నాను, పక్కన నిలబడి నువ్వు విన్నావు, మూడోమనిషికి తెలియదు."