వంకర డ్రైవు

"గడప దగ్గరే ఆగండి పెద్దాయనా! ఆ దగ్గుతో లోపలికొస్తే నా డిస్కులు పాడైపోతాయి."

తువ్వాలులో ఏదో చుట్టి పట్టుకొచ్చిన ముసలాయన ఠక్కున ఆగిపోయాడు.

అరిచినవాణ్ణి వీధిలో అందరూ ఫ్లాపీ డాక్టరంటారు. పాతకాలపు ఫ్లాపీల్లో ఉన్నది బయటికి లాగి ఇప్పటి కంప్యూటర్లలోకి ఎక్కించడం అతని పని. ఒక కంపెనీ యంత్రం రాసింది ఇంకో కంపెనీ యంత్రం చదివి చావదు కాబట్టి, గది నిండా రకరకాల పాత యంత్రాలు పెట్టుకున్నాడు.

వారం రోజులుగా అవన్నీ కలిసి అతని పరువు తీస్తున్నాయి.

బల్ల మీద తొమ్మిది ఫ్లాపీలున్నాయి. మూతపడిన సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో, డిస్పెన్సరీ బీరువాలో దొరికాయి. కార్మికులకు ఏటా చేసిన ఊపిరి పరీక్షల అంకెలు వాటిలోనే ఉన్నాయి.

"ఊపిరితిత్తుల రోగం రేకుల దుమ్ము వల్ల రాలేదు, దాంతోనే పనిలో చేరారని కంపెనీవాళ్ళు వాదిస్తున్నారు. చేరిన కొత్తలో మా అన్నయ్య ఊపిరి బాగుందనడానికి ఇవే సాక్ష్యం. సోమవారమే విచారణ" అంది వాటిని తెచ్చిన టీచరమ్మ, అప్పటికి పదోసారి.

"తెలుసమ్మా! నన్నేం చెయ్యమంటారు? డిస్కు పెడితే చాలు, కీచుమని అరిచి ఊరుకుంటోంది."

"బాబూ..." గడప దగ్గర ముసలాయన తువ్వాలు విప్పాడు. లోపల తుప్పు పట్టిన ఫ్లాపీ డ్రైవు ఉంది. "ఆ డిస్కులు... దీన్లో..."

"ఈ రకానివి నా దగ్గర నాలుగున్నాయి."

"అవి కాదు... ఇదే..."

మాట పూర్తి చెయ్యడు, అక్కణ్ణుంచి కదలడు. పీడ వదిలించుకుందామని ఫ్లాపీ డాక్టరు ఆ డ్రైవు లాక్కుని తగిలించి, తన దగ్గరున్న మంచి డిస్కు ఒకటి పెట్టాడు.

ఒక్క అక్షరం రాలేదు.

"చూశారా? దీన్లో రాసేదీ చదివేదీ హెడ్డే, అది వంకరపోయింది. మంచి డిస్కే చదవలేనిది, వీటినేం చదువుతుంది?"

"వంకరదే బాబూ. అందుకే... తెచ్చాను."

ఫ్లాపీ డాక్టరు టీచరమ్మ వైపు చూసి నుదురు కొట్టుకుని, డ్రైవు పీకి ముసలాయన చేతికిచ్చాడు.

"మీకు పుణ్యముంటుంది, ఇంటికెళ్ళండి. మాకు బోలెడు పనుంది."

ముసలాయన ఇంకేదో చెప్పబోయాడు. దగ్గు చెప్పనివ్వలేదు. డ్రైవుని చెప్పుల స్టాండు పక్కన పెట్టి, రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాడు.

మర్నాడు, శుక్రవారం, మళ్ళీ వచ్చాడు.

"చదివిందా... బాబూ?"

ఫ్లాపీ డాక్టరు ఆయన మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టాడు. కాసేపటికి ఎవరో దబదబా తలుపు బాదారు. తియ్యలేదు.

శనివారానికి టీచరమ్మ ఏడవడం ఒక్కటే తక్కువ. ఫ్లాపీ డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. తన డ్రైవుల్లో ఒకదాన్ని విప్పి, స్క్రూ వదులు చేసి, ఆ కసి కొద్దీ హెడ్డుని పక్కకు నెట్టాడు.

తెర మీద నాలుగు అక్షరాలు కనిపించి మాయమయ్యాయి.

"అమ్మా! డిస్కుల తప్పు కాదిది. వీటిని రాసిన డ్రైవే వంకర! గీత తప్పి, పక్కకు జరిగి రాసింది. సరైన డ్రైవుకి ఎన్నేళ్ళు వెతికినా ఆ రాత దొరకదు. అదే వంకరున్న డ్రైవు అయితే..."

మాట మధ్యలోనే చెప్పుల స్టాండు దగ్గరికి పరిగెత్తాడు.

తుప్పు పట్టిన ఆ డ్రైవు తొమ్మిది డిస్కులనూ గడగడా చదివేసింది.

"ఇదిగో, అన్నయ్య నంబరు! చేరిన ఏడాది ఊపిరి ఎంత బాగుందో చూడండి!" టీచరమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఫ్లాపీ డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. చెప్పులైనా వేసుకోకుండా ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్ళాడు.

"తువ్వాలు పెద్దాయన ఎక్కడుంటాడో తెలుసా?"

"ఇంకెక్కడి పెద్దాయన సార్! నిన్న మీ మెట్ల మీదే కూలబడ్డాడు. మీ తలుపు ఎంత బాదినా మీరు తియ్యలేదు. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు." టీ కొట్టతను గల్లాపెట్టె లోంచి ఒక కార్డు తీశాడు. "ఇది కింద పడిపోయింది. ఆయన తాలూకు ఎవరన్నా వస్తే ఇద్దామని ఉంచాను."

అది రేకుల ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు. పేరు, ఫొటో చెరిగిపోయాయి. నంబరు మాత్రం మిగిలింది, 216.

ఫ్లాపీ డాక్టరు గదికి తిరిగొచ్చి కార్డు టీచరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె కేసు కాగితాలన్నీ తిరగేసింది.

"కేసు వేసిన నలభై రెండు మందిలో ఈ నంబరు లేదండీ."

అతను తెర మీద వెతికాడు.

ప్రతి పేజీ అడుగున, పరీక్షల అంకెలు నమోదు చేసిన గుమాస్తా నంబరు 216. అందరికంటే తక్కువ ఊపిరి ఉన్న మనిషి నంబరూ అదే.