ప్రాసెసర్‌కి జలుబు

ప్రాసెసర్ల నాడి తెలిసినవాణ్ణి ఈ వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. కళ్ళకు గంతలు కట్టినా కంప్యూటర్ విప్పి బిగించగలను.

కళ్ళు తెరిచి ఉండడం వల్లనేమో, మొదట అవతలి వైపు మూత విప్పాను.

"ఒరేయ్, నాలుగింటికల్లా బిల్డింగ్ ప్లాన్ పంపకపోతే నా ఉద్యోగం ఊడుతుందిరా!" అంది అక్క. టైము మూడు దాటింది. ఆమె కంప్యూటర్ పది నిమిషాలు పనిచేసి, వేడెక్కి, ఆరిపోతోంది. పొద్దున్నుంచీ ఇదే వరస.

"నెల కిందటే కదా కొత్త పేస్టు పూశాను!" అన్నాడు బావ. ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ కిందున్న లోహపు దిమ్మకి అందించడానికి ఆ రెంటి మధ్యా పూసే పేస్టు అది. సిరంజీలో వస్తుంది. బావ నెట్లో మూడు రోజులు చదివి మరీ కొన్నాడు.

"ఇద్దరూ వెనక్కి జరగండి," అన్నాను, ముక్కుకి రుమాలు కట్టుకుంటూ. "మీ ఊపిరి తగిలితే ప్రాసెసర్‌కి జలుబు చేస్తుంది."

గుమ్మం దాకా జరిగారు. చదువుకున్నవాళ్ళతో ఇదే సుఖం.

ఫ్యాన్ దిమ్మ పైకెత్తాను. కింద పేస్టు ఎండిపోయి, పాతగోడ సున్నంలా పెచ్చులు లేచి ఉంది.

"ఏం పూశావు బావా? పగవాడి కంప్యూటర్‌కి కూడా ఎవరూ ఇలా పూయరు."

"సిరంజీలో ఉన్నదే పూశానురా!"

"పూసే చెయ్యి కూడా బాగుండాలి మరి."

అక్క బావ వైపు చూసింది. ఆ చూపు వేడికి ఏ ఫ్యానూ చాలదు.

గుడ్డ స్పిరిట్‌లో తడిపి, నా మొహం కనబడేదాకా ప్రాసెసర్‌ని తుడిచాను.

"ఇదిగో, ఇంకా సగముంది," అంటూ బావ సిరంజీ అందించబోయాడు.

"దాన్ని నా దగ్గరికే తేకు. నా గదిలో అసలు సరుకుంది."

వెళ్ళి తలుపేసుకున్నాను. పది నిమిషాల తర్వాత, ఐస్‌క్రీమ్ పుల్ల చివర కాస్త బూడిదరంగు పేస్టుతో బయటికొచ్చాను.

"అదేంట్రా, పుల్ల మీద?"

"పెద్ద పెద్ద ల్యాబుల్లో ఇలాగే ఇస్తారు."

శనగగింజంత పెట్టి, దిమ్మ బిగించి, స్విచ్చేశాను. పది నిమిషాలైంది. ఆరలేదు. ఇరవై అయింది. ఆరలేదు. మూడు యాభై ఆరుకి అక్క ప్లాన్ పంపేసింది.

"నా బంగారు తమ్ముడు!" అంది నాతో. "మీరిక నా సామాను ముట్టుకోకండి," అంది బావతో.

బావ మూలన కూర్చుని సిరంజీ వంక దిగులుగా చూశాడు. కొంచెం వేలి మీదికి నొక్కుకున్నాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. లేచి, ఆ వేలు అక్క ముక్కు దగ్గర పెట్టాడు.

అక్క నా గదిలోకి వెళ్ళింది. అక్కడ నా గేమ్‌ల కంప్యూటర్ మూత తీసి ఉంది. తిరిగొచ్చి ఐస్‌క్రీమ్ పుల్ల చేతిలోకి తీసుకుంది.

"చెప్తావా, చెప్పించనా?"

రుమాలు విప్పి ఒప్పేసుకున్నాను: బావ పేస్టు కొన్న రోజే అదంతా పిండి నా కంప్యూటర్‌కి పూసేసుకుని, ఖాళీ సిరంజీ చూస్తే పాపం బాధపడతాడని, దాన్నిండా పుదీనా టూత్‌పేస్టు నింపి పెట్టింది నేనే.